తుర్కపల్లి చౌరస్తాలో విదేశాంగం

అంతర్జాతీయ సంబంధాలు చదువుతామని వచ్చేవాళ్లకు నేను పెట్టే మొదటి పరీక్షకు పుస్తకం అక్కర్లేదు, బస్సు చార్జీ ఉంటే చాలు. జూబ్లీ బస్‌స్టేషన్‌లో సిద్దిపేట వైపు పోయే బస్సెక్కండి. అల్వాల్, హకీంపేట, తూంకుంట దాటి, శామీర్‌పేట చెరువు కూడా దాటి తుర్కపల్లిలో దిగండి. (ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆపకపోవచ్చు, కండక్టర్‌ని అడిగి ఎక్కండి.) రాజీవ్ రహదారి పక్కన గంటసేపు నిలబడండి. ఆ గంటలో మీ ముందు నుంచి ఏయే దేశాలు పోయాయో కాగితం మీద రాసుకుని రండి.

చాలామంది ఖాళీ కాగితంతో వస్తారు. కొందరు తెలివిగా ‘కియా కారు, కొరియా’ అని రాస్తారు. ఆ కారు పెనుకొండ దగ్గర తయారైందని చెప్పగానే మొహం చిన్నబోతుంది. ఎందుకు చిన్నబోవాలి? కొరియా కంపెనీ పెనుకొండ దాకా ఎందుకొచ్చిందని అడిగితే సగం పాఠం అక్కడే అయిపోతుంది. అడగరు. దేశం పేరు దొరికింది కదా అని ఆగిపోతారు.

అలియాబాద్ నుంచి డిగ్రీ మూడో సంవత్సరం అమ్మాయి ఒకామె వచ్చింది. కాగితం మడత విప్పకుండానే బల్ల మీద పెట్టింది. ‘‘ఏం కనబడలే సార్. లారీలు, కార్లు, కాలేజీ బస్సులు. ఐఆర్ చదువుదామని ఉంది గానీ, మావోళ్లల్ల ఎవ్వరు బయటి దేశం పోలే. నాన్న టీకాల కంపెనీల లోడింగ్ కాడ పనిచేస్తడు. ఇంట్ల ఎవర్ని అడగాలె?’’ అంది.

అడగాల్సినవాడు ఇంట్లోనే ఉన్నాడు. విదేశాలకు పోయే టీకా సీసా మీద కంపెనీ పేరు, గడువు తేదీ కాకుండా ఇంకేముంటుందో మీ నాన్నని అడిగి, బొమ్మ గీసుకుని రమ్మన్నాను.

వారం తర్వాత బొమ్మ తెచ్చింది. బాల్‌పెన్నుతో గీసిన చిన్న వలయం, దాని లోపల గడి. అంతే.

ఆ గడి సంగతి చెప్పకుండా ఈ అధ్యాయం ముందుకు పోదు. సీసా మీద వేలిగోరంత కూడా ఉండదు. వలయం ముదురు రంగు, లోపలి గడి లేత రంగు. టీకాకు వేడి తగిలేకొద్దీ లోపలి గడి ముదురుతూ పోతుంది. గడి రంగూ వలయం రంగూ ఒకటయ్యాయంటే ఆ సీసా పారేయాల్సిందే. దానికి కరెంటు అక్కర్లేదు, గడియారం అక్కర్లేదు, చూసేవాళ్లకు ఫలానా భాష వచ్చి ఉండాలనీ లేదు. ఏ మారుమూల ఊళ్లోనైనా నర్సు సీసా చేతిలోకి తీసుకుని, ఇది దారిలో ఎండకు చెడిందో లేదో ఒక్క చూపులో చెప్పగలదు. వయల్ మానిటర్ అంటారు. 1990ల మధ్యలో పోలియో చుక్కలతో వాడుకలోకి వచ్చింది.

ఆ అమ్మాయికి మూడు ప్రశ్నలు రాసిచ్చాను. ఈ గడి కావాలని ఎవరు అడిగారు? ఎందుకు అడిగారు? పెట్టకపోతే ఏమవుతుంది? యూనివర్సిటీలో రెండేళ్లు చదివినా, ఆ తర్వాత ఇరవై ఏళ్లు పనిచేసినా ఈ చదువులో చేసేది ఈ మూడు ప్రశ్నలు అడగడమే. రోజూ టీవీలో వినే ‘ఫలానా దేశం మనకు మిత్రుడా, శత్రువా’ అన్న ప్రశ్న ఇందులో లేదని గమనించే ఉంటారు. కావాలనే వదిలేశాను.

సీసా ఎక్కడిదాకా పోయింది

ఎవరు అడిగారు? పేద దేశాల పిల్లల కోసం టీకాలు కొనేది ఎక్కువగా యూనిసెఫ్. యూనిసెఫ్ కొనాలంటే ఆ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ ఉండాలి. డబ్బులో పెద్ద వాటా 2000లో మొదలైన గావి అనే కూటమిది. ఆ కూటమికి డబ్బిచ్చేది బ్రిటన్, నార్వే లాంటి ప్రభుత్వాలు, గేట్స్ ఫౌండేషన్. పెట్టకపోతే ఏమవుతుంది? కొనరు. ఇంకో మెలిక కూడా ఉంది. కంపెనీ ఎంత మంచిదైనా, ఆ దేశపు ఔషధ నియంత్రణ వ్యవస్థ సరిగ్గా పనిచేస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకోకపోతే ఆ దేశపు టీకాకు ఆ ముద్ర పడదు. అంటే తుర్కపల్లిలో తయారైన సీసా పరాయి దేశం చేరాలంటే ఢిల్లీలో ఒక ప్రభుత్వ కార్యాలయం పరీక్ష పాసవ్వాలి. దేశాల పరపతి అని పుస్తకాల్లో రాసేది సగం ఇలాంటి గుమాస్తా పనే.

ఇప్పుడు ఒక సీసా వెంట పోదాం. తుర్కపల్లి దగ్గరి జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ చేసే టైఫాయిడ్ టీకా పేరు టైప్‌బార్ టీసీవీ. 2016 చివర్లో పాకిస్తాన్‌లో మందులకు లొంగని టైఫాయిడ్ పుట్టింది. వాడుకలో ఉన్న యాంటీబయాటిక్స్‌లో చాలావాటికి ఆ సూక్ష్మజీవి లొంగలేదు. ఎక్కడ పుట్టిందంటారా? సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్‌లో. దాన్ని ఆపడానికి 2018లో అక్కడి పిల్లలకు వేసింది ఈ హైదరాబాద్ టీకానే.

కథ అక్కడితో ఆగలేదు. 2019 ఫిబ్రవరిలో పుల్వామా జరిగింది, ఆ వెంటనే బాలాకోట్. పాకిస్తాన్ సరుకుల మీద మనం 200 శాతం సుంకం వేశాం. ఆగస్టులో 370వ అధికరణం రద్దయింది. పాకిస్తాన్ మన హైకమిషనర్‌ని పంపేసి, వాణిజ్యం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. నెల తిరగకముందే ప్రాణాధార మందులకు సడలింపు ఇచ్చుకుంది. అదే ఏడాది నవంబరులో సింధ్ పట్టణాల్లో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు టైఫాయిడ్ టీకా కార్యక్రమం మొదలైంది, గావి సాయంతో. కోటికి దగ్గరగా పిల్లల్ని లెక్కలోకి తీసుకున్న కార్యక్రమం అది. ఈ రకం టీకాను సాధారణ టీకాల పట్టికలో చేర్చిన మొదటి దేశం పాకిస్తానే. అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ముద్ర ఉన్న ఆ రకం టీకా ఒక్కటే, మన తుర్కపల్లి దగ్గరిది.

ఇది చెప్పినప్పుడు ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘అంటే నాన్న లోడ్ చేసిన డబ్బా పాకిస్తాన్ పోయిందా సార్?’’ అంది. ఆ డబ్బా ఆయనే ఎక్కించాడో లేదో నాకు తెలియదు. మామూలుగా మనం పాకిస్తాన్‌కు అమ్మింది అనుకునే పద్ధతిలో అయితే పోలేదు. యూనిసెఫ్ కొంది, గావి డబ్బిచ్చింది, కరాచీలో పిల్లాడి చేతికి చేరింది. మధ్యలో రెండు దేశాల జెండాలూ ఒకదానికొకటి ఎదురుపడాల్సిన పని లేకుండా ఒక తోవ ఏర్పడి ఉంది. అంతర్జాతీయ సంస్థలు దేనికని అడిగేవాళ్లకు, ఐక్యరాజ్య సమితి దండగ అనేవాళ్లకు నా దగ్గరున్న జవాబు ఈ తోవే. ఆ సంస్థల్లో లోపాలు లేవని కాదు. అవి లేకపోతే ఈ సీసాకు తోవ ఏదని.

ఎంఏ మొదటి సెమిస్టర్‌లో సిద్ధాంతాలు చెబుతారు. పిల్లలు ఎక్కువగా బెదిరేది అక్కడే. 1948లో మోర్గెంథావ్, 1979లో వాల్ట్జ్, 1984లో కియోహేన్ అంటూ పేర్లు బట్టీ పడతారు. బట్టీ వద్దు. ఈ సీసాని వాళ్ల ముందు పెట్టండి. వాల్ట్జ్ అయితే, దేశాల పైన దేశం లేదు, ఎవరి భద్రత వాళ్లదే, పాకిస్తాన్‌కి వేరే దారి లేక తీసుకుంది అంటాడు. కియోహేన్ అయితే, ఒకసారి కట్టుకున్న ఏర్పాటు కోపతాపాలు వచ్చినా పనిచేస్తూనే ఉంటుంది, ఎందుకంటే దాన్ని వదులుకుంటే అందరికీ ఖర్చు అంటాడు. మూడో బడివాళ్లు అసలు ‘శత్రుదేశపు టీకా’ అన్న మాట ఎవరి నోట పుట్టిందని అడుగుతారు. ముగ్గురిలో ఎవరు సరైనవారో పరీక్షలో రాయనక్కర్లేదు. సీసా విషయంలో ఎవరి మాట ఎక్కడి దాకా నిలుస్తుందో రాస్తే చాలు. నా అనుభవంలో మార్కులు అక్కడే పడతాయి.

సొంతూరి మీద మమకారం కళ్లకు అడ్డం పడకూడదు. 2020 డిసెంబరు 9న అరవైకి పైగా దేశాల రాయబారులు ఢిల్లీ నుంచి వచ్చి భారత్ బయోటెక్‌నీ, బయోలాజికల్ ఇ సంస్థనీ చూసి వెళ్లారు. రాయబారుల బస్సులు రాజీవ్ రహదారి మీద పోయిన రోజది. 2021 మార్చి 12న అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, భారత్ అధినేతల క్వాడ్ సమావేశం జరిగింది. 2022 చివరికి కనీసం వంద కోట్ల కొవిడ్ టీకా డోసులు తయారు చేసేలా బయోలాజికల్ ఇకి అమెరికా ఆర్థిక సాయం అందుతుందని ప్రకటించారు. 1953 నాటి హైదరాబాద్ కంపెనీ, జీనోమ్ వ్యాలీలో ప్లాంటున్న కంపెనీ, నాలుగు దేశాల వ్యూహ పత్రంలోకి ఎక్కింది. గొప్పే. ఆ తర్వాత? ఏప్రిల్‌లో రెండో అల వచ్చింది, మన దేశం టీకాల ఎగుమతి ఆపేసింది, క్వాడ్ లెక్క అనుకున్నట్టు నడవలేదు. భారత్ బయోటెక్ కొవిడ్ టీకా కొవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర గుర్తింపు 2021 నవంబరు 3న వచ్చింది. అప్పటిదాకా ఆ టీకా వేసుకుని అమెరికా విమానం ఎక్కాల్సిన మన పిల్లలు పడిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. ఒక తనిఖీ తర్వాత, 2022 ఏప్రిల్‌లో, ఐరాస సంస్థల ద్వారా ఆ టీకా సరఫరాను ప్రపంచ ఆరోగ్య సంస్థ నిలిపింది. డిసెంబరు 9 ఫొటో ఒక్కటే దాచుకున్నవాడు అభిమాని. ఈ తేదీలన్నీ ఒకే పేజీలో రాసుకున్నవాడు విద్యార్థి.

నిజాం సొమ్ము

తుర్కపల్లి కన్నా ముందే, శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 1998లో పెట్టారు. ఇంటర్ తర్వాత క్లాట్ రాసి ఐదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీలో చేరితే అంతర్జాతీయ న్యాయం వైపు నుంచి ఈ సబ్జెక్టులోకి రావొచ్చు. ఆ దారి బాగా నడవాలంటే ఒక్క కేసు అడుగు దాకా చదవమంటాను. దూరంగా ఉన్న హేగ్ కేసు వద్దు, మన హైదరాబాద్‌దే.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి కదిలింది. 16న పారిస్‌లో భద్రతామండలి హైదరాబాద్ ఫిర్యాదును విచారణకు తీసుకుంది. నిజాం తరఫున వెళ్లిన బృందానికి పెద్ద ఆయన మంత్రి మొయిన్ నవాజ్ జంగ్. 17న ఇక్కడ అంతా ముగిసింది. కొద్ది రోజులకే నిజాం ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. సార్వభౌమత్వం అంటే ఏమిటి, అది ఎవరు ఒప్పుకుంటే ఉన్నట్టు అన్న ప్రశ్న ఐదు రోజుల్లో నడిచిపోయింది. మన తాతల తరంవాళ్లు కొందరు ఆ ఐదు రోజులూ ఊళ్లో తలుపులేసుకుని కూర్చున్నారు.

అదే నెలలో, లండన్ బ్యాంకులో ఉన్న హైదరాబాద్ సొమ్ము 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతూలా ఖాతాలోకి పోయింది. నిజాం తన అనుమతి లేకుండా పోయిందని, వెనక్కివ్వమని అడిగాడు. బ్యాంకు ఎవరికీ ఇవ్వనంది. కేసు 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి ఒక్క సూత్రం దగ్గర ఆగింది: ఒక సార్వభౌమ దేశాన్ని దాని ఇష్టం లేకుండా ఇంకో దేశపు కోర్టుకు ఈడ్వకూడదు. ఆ గోడ వెనక డబ్బు దశాబ్దాల పాటు వడ్డీ పెంచుకుంటూ కూర్చుంది. 2013లో పాకిస్తాన్ తానే కోర్టుకెళ్లింది. వెళ్లడంతో ఇన్నాళ్లూ కాపాడిన రక్షణను తన చేత్తోనే వదులుకున్నట్టయింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు ఆ సొమ్ము నిజాం వారసులకూ భారత్‌కూ చెందుతుందంది. అప్పటికది దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లు.

దేశాలకున్న న్యాయ రక్షణ గురించి పాఠ్యపుస్తకం పది పేజీల్లో చెప్పేది ఈ కేసులో ఉంది. గెలిచినవాడు వాదన వల్ల గెలిచాడా, ఎదుటివాడి తొందరపాటు వల్ల గెలిచాడా అని క్లాసులో చర్చ పెడితే సాయంత్రం దాకా తెగదు. నేను రెండోదే అంటాను.

దీని వెనక నా సొంత గొడవ ఒకటుంది. పీజీ సీటు కోసం ఒక యూనివర్సిటీ ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు, ‘‘మీ ప్రాంతం ఎప్పుడైనా భద్రతామండలి ఎజెండాలో ఉందా?’’ అని అడిగారు. లేదన్నాను. ధీమాగా అన్నాను. క్యూబా క్షిపణుల సంక్షోభం గురించి గంట మాట్లాడగలిగేలా చదివి వెళ్లినవాణ్ని. సీటు రాలేదు. ఆ బోర్డు మీద కోపం చాలా ఏళ్లు మోశాను. ప్రశ్న న్యాయమైనదేనని ఒప్పుకోవడానికి అన్నేళ్లూ పట్టింది.

ఎక్కడ చదవాలి

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఉస్మానియా రాజనీతి శాస్త్ర విభాగాల్లో ఈ సబ్జెక్టు పేపర్లుగా ఉంటుంది. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా, పసిఫిక్ దేశాల అధ్యయన కేంద్రం ఉందని మనవాళ్లలోనే చాలామందికి తెలియదు. వియత్నాం, ఇండోనేషియా మీద పని చేద్దామనుకునేవాళ్లు ఢిల్లీ కలలు కనేముందు ఒకసారి ఆ వైపు చూడండి. ఢిల్లీలో జేఎన్‌యూ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ పాతది, 1955లో విడిగా మొదలై 1970లో జేఎన్‌యూలో కలిసింది. కోల్‌కతాలో జాదవ్‌పూర్, ఢిల్లీలోనే సార్క్ దేశాల సౌత్ ఏషియన్ యూనివర్సిటీ ఉన్నాయి. చివరిదాంట్లో చేరితే నేపాల్, బంగ్లాదేశ్ పిల్లలు పక్క బెంచీలో కూర్చుంటారు. మన దేశం గురించి వాళ్లు ఏమనుకుంటారో క్యాంటీన్‌లో వినొచ్చు, అది సిలబస్‌లో లేని పేపర్.

కోర్సు కన్నా భాష గురించి ఎక్కువ చెప్పాలి. ఉస్మానియా పక్కనే ఇఫ్లూ అనే భాషల విశ్వవిద్యాలయం ఉంది. అరబిక్, చైనీస్, జపనీస్, రష్యన్, స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ అన్నీ నేర్పుతారు. మా పిల్లలు ఏం చేస్తారంటే ఫ్రెంచ్ ఒక సర్టిఫికెట్, జర్మన్ ఒకటి, చైనీస్ ఒకటి తెచ్చి రెజ్యూమెలో వరుసగా పెడతారు. మూడింట్లోనూ ‘నమస్కారం, నా పేరు’ దాటి రాదు. ఒక్కటి పట్టండి, మూడేళ్లు వదలకండి. ఏది పట్టాలో తేలకపోతే మీకున్న సౌకర్యం చూసుకోండి. ఉర్దూ లిపి వచ్చిన హైదరాబాద్ పిల్లలకు అరబిక్, ఫారసీ లిపి సగం వచ్చినట్టే. అది సామాన్యమైన ఆస్తి కాదు, కానీ వాడుకునేవాళ్లు తక్కువ. ఇదే రోడ్డు పట్టుకుని సిద్దిపేట దాటి హుస్నాబాద్ వైపు మళ్లితే వంగర వస్తుంది, పి.వి. నరసింహారావు ఊరు. విదేశాంగ మంత్రిగా రెండుసార్లు చేశారు, ప్రధానిగా ఉండి 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టారు. స్పానిష్ కూడా నేర్చుకున్నారు. ఆయన పదవులు మనకు రావు. ఆయన స్పానిష్ రావడానికి ఏ పదవీ అడ్డం కాదు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఒక మాట. సబ్జెక్టు రాకపోవడం, ఇంగ్లీషు రాకపోవడం వేర్వేరు రోగాలు. రెండింటికీ ఒకే మందు వేయకండి. మొదట విషయం తెలుగులోనే బుర్రకెక్కించుకోండి. కృష్ణా నీళ్ల మీద ఎగువ రాష్ట్రానికీ దిగువ రాష్ట్రానికీ తగువు వింటూ పెరిగినవాళ్లం మనం. ఎగువవాడు గేటు దించితే ఏమవుతుందో మహబూబ్‌నగర్ రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1960 నాటి సింధు జలాల ఒప్పందాన్ని 2025 ఏప్రిల్‌లో మన దేశం నిలుపుదల చేసినప్పుడు ఆ అనుభవంతోనే చదవాలి, తేడాలేమిటో కూడా చూసుకోవాలి. రాష్ట్రాల మధ్య తగువుకు సుప్రీంకోర్టు, ట్రిబ్యునల్ ఉన్నాయి. దేశాల మధ్య ఏముంది? ఆ తేడాని మీ మాటల్లో తెలుగులో రెండు పేజీలు రాయగలిగితే ఇంగ్లీషులోకి మార్చడం ఆరు నెలల పని.

రెండు వైపుల పుస్తకం

రెండొందల పేజీల లాంగ్ బుక్ ఒకటి కొనండి. ఒక దేశం పేరు అట్ట మీద రాయండి. రెండు దేశాలు వద్దు. ఎడమ పేజీలో కాగితం చెప్పింది, కుడి పేజీలో మీరు అనుకున్నది.

కాగితం అంటే పత్రికలో వచ్చిన వ్యాఖ్యానం కాదు. విదేశాంగ శాఖ వెబ్‌సైట్లో సంయుక్త ప్రకటనలు పూర్తి పాఠంగా దొరుకుతాయి. లోక్‌సభ, రాజ్యసభ ప్రశ్నలకు శాఖ ఇచ్చిన జవాబులు దొరుకుతాయి. ఒకే దేశంతో మూడేళ్ల తేడాతో వచ్చిన రెండు సంయుక్త ప్రకటనలు ప్రింటు తీసుకుని పక్కపక్కన పెట్టుకోండి, రెండు రంగుల పెన్నులు పట్టుకోండి. పాతదాంట్లో ఉండి కొత్తదాంట్లో మాయమైన మాటకు ఎరుపు. కొత్తగా చేరినదానికి నీలం. అధినేతలు నవ్వుతూ చేతులు కలిపిన ఫొటోలో కనపడనిది ఎరుపు గీతల్లో కనపడుతుంది. ఇది విసుగు పుట్టించే పని. ఈ పని విసుగు లేకుండా చేయగలమో లేదో చేరకముందే తేల్చుకుంటే రెండేళ్లు ఆదా.

కుడి పేజీలో మీ అంచనా తేదీ వేసి రాయండి. ఆరు నెలల తర్వాత తిరగేసి, కొట్టివేయకుండా, పక్కన జరిగింది రాయండి. నా పుస్తకంలో 2021 జులై నాటి పేజీ ఒకటుంది: ‘కాబూల్ ఇంకో ఏడాదైనా నిలుస్తుంది.’ దాని పక్కన: ‘ఆగస్టు 15.’ ఆ పేజీ చింపెయ్యాలని చాలాసార్లు అనిపించింది. టీవీ స్టూడియోల్లో కూర్చునే నిపుణులందరికీ ఇలాంటి పుస్తకం ఒకటి తప్పనిసరి చేస్తే దేశానికి మంచిదని నా ఉద్దేశం.

ఉద్యోగం మాట ఎత్తకుండా ఉంటే మోసం చేసినట్టే. విదేశాంగ సర్వీసులోకి ఏటా తీసుకునేది పదుల్లోనే. సివిల్స్‌లో రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు ఐచ్ఛికంగా తీసుకునేవాళ్లు వేలల్లో ఉంటారు. మన హైదరాబాద్ నుంచే సయ్యద్ అక్బరుద్దీన్ ఐరాసలో శాశ్వత ప్రతినిధి దాకా వెళ్లారు. 2017లో అంతర్జాతీయ న్యాయస్థానం ఎన్నికలో దల్వీర్ భండారీ నిలిచి, బ్రిటన్ తన అభ్యర్థిని వెనక్కి తీసుకున్నప్పుడు అక్కడ మన ప్రతినిధి ఆయనే. ఆ సంగతుల మీద పుస్తకం రాశారు కూడా. అది చదవండి. కానీ దాన్నే దారి అనుకుని మిగతావి మూసేసుకోకండి. ఎగుమతి కంపెనీల్లో విదేశీ టెండర్లు, పత్రాలు చూసేవాళ్లు కావాలి. యూనివర్సిటీల విదేశీ విభాగాలు, హైదరాబాద్‌లోని కాన్సులేట్లలో స్థానిక సిబ్బంది, పత్రికల అంతర్జాతీయ డెస్కులు, వలస కార్మికుల కోసం పనిచేసే సంస్థలు ఉన్నాయి. జీతాలు మొదట్లో సాఫ్ట్‌వేర్‌తో పోల్చుకునేలా ఉండవు. ఇంట్లో ముందే చెప్పండి.

వలస అన్నాను కాబట్టి తుర్కపల్లిలో ఎవరూ రాయని ఒక వాహనం సంగతి. శంషాబాద్ విమానాశ్రయం నుంచి అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా వచ్చి, శామీర్‌పేట దగ్గర దిగి, ఈ రోడ్డెక్కి కరీంనగర్, జగిత్యాల వైపు పోయే అంబులెన్సులు ఉంటాయి. వాటిలో కొన్నింటిలో గల్ఫ్ నుంచి వచ్చిన చెక్కపెట్టె ఉంటుంది. ఆ పెట్టె విమానం ఎక్కాలంటే అక్కడి మరణ ధ్రువపత్రం, మన రాయబార కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు, ఎంబామింగ్ పత్రం కావాలి. ఒక్కో కాగితానికీ మన మూడు ప్రశ్నలు వేసి చూడండి. పదో తరగతి పాసవ్వని మనిషి పాస్‌పోర్టు మీద వేరే ముద్ర ఎందుకు? 1983 నాటి వలసల చట్టం కింద 18 దేశాలకు వెళ్లడానికే అతనికి అనుమతి ఎందుకు కావాలి? 2020 సెప్టెంబరులో గల్ఫ్ కార్మికుల కనీస వేతన ప్రమాణాన్ని మన ప్రభుత్వమే తగ్గించి, మరుసటి ఏడాది ఎందుకు వెనక్కి తీసుకుంది? మన జిల్లాల్లో ఎన్నో ఇళ్లకు తగిలిన విదేశాంగ విధానం ఇది. దీని మీద తెలుగులో మంచి పరిశోధన ఇంకా చాలా జరగాలి. సిద్ధాంత వ్యాసానికి అంశం దొరకడం లేదని నాతో అనకండి.

అలియాబాద్ అమ్మాయి నెల తర్వాత మళ్లీ వచ్చింది, లాంగ్ బుక్ పట్టుకుని. అట్ట మీద ‘పాకిస్తాన్’ అని రాసుకుంది. మొదటి ఎడమ పేజీలో ఆ వలయం, గడి బొమ్మ. దాని కింద నాకు తెలియని సంగతి ఒకటి.

‘‘నాన్న చెప్పిండు సార్. ఆ గడి ఒక్క తీరు ఉండదంట. రెండు, ఏడు, పద్నాలుగు, ముప్పై అట్ల రకాలుంటయంట. ముప్పై ఏడు డిగ్రీల వేడిల ఎన్ని దినాలకు గడి ముదురుతదో ఆ నంబరు. ఒక్కో టీకాకు ఒక్కో రకం.’’

ఇంటికొచ్చి చూసుకున్నాను. నిజమే.

కుడి పేజీ ఖాళీగా ఉంది. ఎందుకని అడిగాను. ‘‘ఇంక అనుకోలే సార్. గడి లేకుండ పోయే డబ్బాలు గూడ ఉంటయంట. అవి ఏ దేశపోళ్లు కొంటరో, వాళ్లు ఎందుకు అడగరో నాన్నను అడిగినంక రాస్త’’ అని పుస్తకం సంచిలో పెట్టుకుంది.